టేబుల్ పోయింది సరే, చిట్టా ఉందా?

"డ్రాప్ టేబుల్ అని కొట్టి ఎంటర్ నొక్కేశాక ఆ టేబుల్ ఎక్కడికి పోతుంది? తిరిగి వస్తుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. రెండో ప్రశ్నకు కంప్యూటర్ వాళ్లు చెప్పే జవాబు ఎప్పుడూ ఒక్కటే: "బ్యాకప్ ఉందా?" అది సగం నిజం. మిగతా సగం ఎంత అందమైనదంటే, దాని గురించి రాయకుండా ఉండటం నావల్ల కాదు.

మొదటి ప్రశ్న త్వరగా తేల్చేద్దాం. డ్రాప్ చేయగానే డేటాబేస్ తన జాబితాలోంచి ఆ పేరు కొట్టేసి, ఫైలు తీసేయమని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెబుతుంది. డిస్కు మీద ఆ చోటు ఖాళీ అని లెక్కలో చేరుతుందే తప్ప, అక్కడున్నది వెంటనే ఎవరూ తుడవరు. ఆ క్షణమే సర్వర్ ఆపి, డిస్కు మొత్తానికి నకలు తీస్తే, మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే 16 కేబీ ముక్కలను, అంటే పేజీలను, ఒక్కొక్కటే ఏరి పేర్చే నిపుణులున్నారు. ఆపకపోతే కొత్త డేటా వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది. ఎస్ఎస్‌డీ అయితే ఆశ ఇంకా తక్కువ. ట్రిమ్ ఆదేశం అందిందంటే డిస్కే ఆ చోటును ఖాళీ చేసుకుంటుంది. కొన్ని డేటాబేస్‌లు వెనక్కి తగ్గే దారి ఇస్తాయి. ఒరాకిల్‌లో 10జీ వెర్షన్ నుంచి, డ్రాప్ చేసిన టేబుళ్లు ముందు చేరే రీసైకిల్ బిన్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో బిగిన్‌తో మొదలుపెట్టి ఇంకా కమిట్ (ఖాయం చేయమనే ఆదేశం) కొట్టకపోతే, డ్రాప్‌ను సైతం రోల్‌బ్యాక్ చేయవచ్చు, అంటే వెనక్కి తీయవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ భాగ్యం లేదు.

ఇక అసలు విషయం. పాతకాలం కొట్టు లెక్కల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. జరిగింది జరిగినట్టు వరసగా చిట్టాలో రాసేవారు. తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వాళ్లది ఎక్కించేవారు. డేటాబేస్ చేసేదీ ఇదే. టేబుల్ ఆవర్జా, లాగ్ చిట్టా. మార్పు తాలూకు పద్దు ముందు లాగ్‌లో పడి డిస్కుకు చేరాలి. అప్పుడే కమిట్ అయిందని మీకు కబురొస్తుంది. టేబుల్ పేజీని డిస్కు మీద సవరించుకోవడం తర్వాత ఎప్పుడో. దీన్నే రైట్ అహెడ్ లాగింగ్ అంటారు.

ఇందులో నన్ను ముచ్చటపెట్టేది ఒక అంకె. లాగ్‌లో ప్రతి పద్దుకూ పెరుగుతూపోయే వరస సంఖ్య ఉంటుంది; పేరు ఎల్ఎస్ఎన్. తనను చివరిగా మార్చిన పద్దు సంఖ్యను ప్రతి పేజీ తన తలమీద రాసుకుంటుంది. కరెంటు పోయి, సర్వర్ పడి లేచిందనుకోండి. లాగ్‌లో పద్దు 500, పేజీ మీద 480 ఉంటే ఆ మార్పు ఇంకా ఎక్కలేదు, ఎక్కించాలి. పేజీ మీద 510 ఉంటే ఎప్పుడో ఎక్కింది, వదిలేయాలి. అంతే, ఒక్క పోలిక! ఒకే జమ రెండుసార్లు పడే ప్రమాదం లేదు. రికవరీ మధ్యలో మళ్లీ కరెంటు పోయినా, మొదటికొచ్చి మళ్లీ మొదలుపెట్టినా ఫలితం మారదు.

ఈ ఆలోచనకు నిండైన రూపం ఇచ్చింది మద్రాస్ ఐఐటీలో చదివి ఐబీఎమ్‌లో చేరిన సి. మోహన్, ఆయన సహచరులు. 1992లో అచ్చయిన ఆ పద్ధతి పేరు ఏరీస్. సర్వర్ లేవగానే ఏరీస్ చరిత్రను ఉన్నదున్నట్టు మళ్లీ నడిపిస్తుంది, సగంలో తెగిపోయిన లావాదేవీలతో సహా. ఆ తర్వాతే తెగిపోయినవాటిని వెనక్కి తీస్తుంది. ఎలాగూ రద్దు చేసేదాన్ని మళ్లీ చేయడమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ఐబీఎమ్‌లోనే 1970లలో సిస్టమ్ ఆర్ కట్టినవాళ్లకూ అలాగే అనిపించింది. అది పూర్తయిన లావాదేవీలనే తిరిగి చేసేది. కానీ ఒకే పేజీలో ఇద్దరి వరుసలు మారుతుంటే, ఒకరివి చేసి ఇంకొకరివి వదిలేసినప్పుడు పేజీ మీది సంఖ్య అబద్ధమాడుతుంది. అన్నీ చేస్తేనే "ఈ సంఖ్య వరకు అంతా ఎక్కింది" అన్న మాటకు విలువ. సిస్టమ్ ఆర్ పేజీలకు నీడ ప్రతులు (మార్పుకు ముందున్న రూపాలు) కూడా పెట్టుకునేది. అవి లేకుండా లాగ్‌నే నమ్ముకునే వీలు ఉంచనందుకు దాన్ని కట్టినవాళ్లే 1981లో విచారం వెలిబుచ్చారు. తప్పును అచ్చులో ఒప్పుకునే ఇంజనీర్లంటే నాకు గౌరవం.

సర్వర్ పడిపోవడం కోసం పుట్టిన ఈ చిట్టాయే పోయిన టేబుల్‌కూ మందు. తెల్లవారుజామున 2 గంటలకు పూర్తి నకలు తీశారనుకోండి. అప్పటినుంచి లాగ్ ఫైళ్లన్నీ వేరేచోట దాస్తున్నారు. మధ్యాహ్నం 3:17కు ఎవరో టేబుల్‌ను డ్రాప్ చేశారు. మరో యంత్రం మీద నకలు తెరిచి, లాగ్‌ను 3:16 దాకా నడిపి ఆపమంటే ఆపుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు ఈ విద్య 2005లో 8.0తో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో లాగులు రెండు. రీడో లాగ్ పాతదాని మీదే తిరగరాసుకుంటుంది కాబట్టి, ఈ పనికి బైనరీ లాగ్ కావాలి. ఆపవలసిన చోట ఆపడం మరవకండి. డ్రాప్ కూడా చిట్టాలో ఒక పద్దే, ఒక్క అడుగు ఎక్కువేస్తే టేబుల్ మళ్లీ పోతుంది. రెప్లికా (అదే డేటాను ఎప్పటికప్పుడు నకలు చేసుకునే రెండో సర్వర్) ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు పప్పులో కాలేసేదీ ఇక్కడే. ఆ డ్రాప్ పద్దు క్షణాల్లో రెప్లికాకూ చేరుతుంది.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో జరిగింది చూడండి. రెండో సర్వర్ వెనకబడింది. దానికి అవసరమైన లాగ్ ఫైళ్లు అప్పటికే మొదటి సర్వర్ మీద చెరిగిపోయాయి, ఆర్కైవ్ చేసే అలవాటు లేదు. దాంతో రెండోదాన్ని ఖాళీ చేసి మళ్లీ నింపబోయిన ఇంజనీరు, పొరపాటున మొదటిదాని మీద డిలీట్ కొట్టారు. వెంటనే ఆపినా, సుమారు 300 జీబీలో మిగిలింది 4.5. రోజువారీ డంప్ (డేటా మొత్తాన్ని ఫైలుగా దించిన నకలు) కోసం వెతికితే ఏమీ లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 అయితే, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2, రోజూ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను అవతలి సర్వర్ తిరస్కరించింది. పరీక్షల కోసం ఆ ఇంజనీరే ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ గట్టెక్కించింది. అయినా 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 ఖాతాల దాకా పోయాయి. తప్పంతా ఆ ఒక్క వేలిదేనని అప్పట్లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. లాగ్ ఫైళ్లు దాచి ఉంటే ఆ సర్వర్‌ను ఖాళీ చేయవలసిన అవసరమే రాదు.

ఇంత గొప్ప యంత్రాంగం చేతికిచ్చి, దాన్ని ఆఫ్ చేసి పంపే తయారీదారుల తీరే నాకు మింగుడుపడదు. మైఎస్‌క్యూఎల్ 8.0 వచ్చేదాకా బైనరీ లాగ్ మనమే ఆన్ చేసుకోవలసి వచ్చేది. పోస్ట్‌గ్రెస్‌లో ఆర్కైవ్ మోడ్ ఇప్పటికీ ఆఫ్‌లోనే వస్తుంది. మీ సర్వర్‌లో ఎలా ఉందో ఇవాళే చూడండి. ఆన్‌లో ఉంటే, ఆ ఫైళ్లతో వేరే యంత్రం మీద నిన్నటి డేటాబేస్‌ను ఒకసారి లేపి చూడండి.