అత్తగారితో త్రియెస్తే సముద్రానికి

విదేశ ప్రయాణం అనగానే మా ఇంట్లో మావారు అట్లాసు తీస్తారు, నేను పొడుల డబ్బాలు తీస్తాను. మా అత్తగారు మాత్రం ఏదీ తీయరు. "మీరెక్కడికంటే అక్కడికే, నాదేముంది" అంటారు. కొన్నేళ్ల క్రితం ఒక టూరు కంపెనీ వారి వెంట ఎనిమిది రోజుల్లో ఐదు దేశాలు చుట్టి వచ్చాం. అప్పుడూ ఆవిడ అదే మాట అన్నారు. మోకాళ్ల నొప్పులతో బస్సు దిగలేక, మేమందరం పరుగున వెళ్లి ఫోటోలు తీసుకుని వచ్చేదాకా ఆవిడ సామాను దగ్గర కూర్చున్నారు. తిరిగి వచ్చాక పక్కింటివారు "ఏం చూశారు పిన్నిగారూ?" అని అడిగితే "సంచులు" అన్నారు. అందరం నవ్వాం. ఆ మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

అందుకే మా అమ్మాయికి ఇటలీలోని త్రియెస్తేలో కొన్ని నెలలు ఉండే అవకాశం వచ్చి, "అందరూ రండి" అన్నప్పుడు నేను ముందు మా అత్తగారినే అడిగాను, ఆవిడకు ఏం కావాలని. చాలాసేపు ఆలోచించి, "అక్కడ సముద్రంలో దిగనిస్తారా?" అన్నారు.

ఆ ప్రశ్న వెనుక సంగతి నాకు తెలుసు. మేము తరతరాలుగా బరంపురంలో ఉంటున్న తెలుగువాళ్లం. గోపాల్‌పూర్ సముద్రం మాకు పదిహేను పదహారు కిలోమీటర్లు. చిన్నప్పుడు మా అత్తగారు అక్కడ తెలుగు మాట్లాడే నోళియా జాలరుల చెయ్యి పట్టుకుని కార్తీక స్నానాలు చేసేవారట. మామగారు పోయిన తర్వాత పదకొండేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా నీళ్లలో దిగలేదు. ఇసుకలో కూర్చుని మా చెప్పులు చూసుకునేవారు. రమ్మని పిలిస్తే "ఇంత వయసులో నాకు సరదాలేమిటి, చూసేవాళ్లు నవ్వుతారు" అనేవారు. మేము ఊరుకున్నాం. ఒక్కసారైనా గట్టిగా పిలవలేదు.

ఒకే ఊరు, పది రోజులు

మావారు వెనిస్, ఫ్లారెన్స్, రోము అని జాబితా రాశారు. "ఈసారి ఒక్క ఊరే. మధ్యాహ్నం నిద్రపోయే వీలుండాలి" అన్నాను. కాసేపు వాదన జరిగింది. చివరికి వచ్చే దారిలో వెనిస్‌లో ఒక రాత్రి అని రాజీపడ్డాం.

త్రియెస్తే ఇటలీకి ఈశాన్య కొసన, ఏడ్రియాటిక్ సముద్రం తలభాగంలో, స్లోవేనియా సరిహద్దును ఆనుకుని ఉంది. జనాభా రెండు లక్షలు. 1382 నుంచి 1918 వరకు ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల నీడలో ఉన్న రేవు ఇది. 1719లో ఆరవ చార్లెస్ చక్రవర్తి దీన్ని సుంకాలు లేని స్వేచ్ఛా రేవుగా ప్రకటించాక గ్రీకులు, సెర్బులు, యూదులు, ఆర్మీనియన్లు వచ్చి వర్తకం చేశారు. ఈనాటికీ సెర్బుల నీలి గుమ్మటాల చర్చి, 1912లో కట్టిన పెద్ద యూదుల ప్రార్థనా మందిరం నడక దూరంలోనే ఉన్నాయి. 1931లో రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని గాంధీగారు తిరిగి వచ్చిన "పిల్స్నా" ఓడ ఈ ఊరి లాయిడ్ కంపెనీదే. 1964లో పాకిస్తానీ శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ ఇక్కడ అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రాన్ని స్థాపించారు. బీద దేశాల శాస్త్రజ్ఞులు ఏకాకులుగా మిగిలిపోకూడదన్నది ఆయన ఆశయం. మా అమ్మాయి వెళ్లింది అక్కడికే.

ముందు తెలుసుకోవలసినవి

కాలం ముఖ్యం. చలికాలంలో ఇక్కడ "బోరా" అనే ఈశాన్యపు గాలి గంటకు వంద కిలోమీటర్లు మించిన విసురుతో వీస్తుంది. మనుషులు పట్టుకుని నడవడానికి కొన్ని వీధుల్లో తాళ్లు, గొలుసులు కట్టేవారట. ఇక ఆగస్టులో ఇటలీ దేశమంతా సెలవులోనే ఉంటుంది. మనం స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకునే 15వ తేదీయే వారికి "ఫెర్రగోస్తో" పండగ. అద్దెలు పెరుగుతాయి, కూర్చోవడానికి చోటు దొరకదు. మేము జూన్ చివర వెళ్లాం. సెప్టెంబరు మొదటి వారాలూ మంచివే.

వీసాకు కలకత్తా వెళ్లి వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. ఇటలీ వీసా అంటే షెంగెన్ వీసాయే. పెద్దలకు 90 యూరోల రుసుము. ముప్ఫై వేల యూరోలకు తగ్గని వైద్య బీమా, తిరిగి వచ్చిన తర్వాత కూడా కనీసం మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు ఉండాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. పదిహేను రోజుల్లోపు అంటే కుదరదు. పెద్దవాళ్లకు బీమా చేయించేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి చూసుకోండి.

సామాను విషయంలో నా పొడుల డబ్బాలకు అడ్డు రాలేదు. నెయ్యికి, పాలకోవాకు వచ్చింది. యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తీసుకువెళ్లకూడదు. పచ్చి కరివేపాకుకూ, మామిడిపళ్లకూ అధికార పత్రాలు కావాలి. కొబ్బరికాయ, అరటిపళ్లు తీసుకుపోవచ్చు. మా అత్తగారు ఈ నియమం విని, "అయితే దేవుడికి లోటు లేదు" అన్నారు.

ఇల్లు దొరకడంలోనే తప్పు చేశాం. "సముద్రానికి దగ్గర" అన్న ప్రకటన చూసి ఒక వాటా మాట్లాడాం. తీరా అమ్మాయి వెళ్లి చూస్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, వీధి నిట్టనిలువుగా కొండెక్కుతోంది. బయానా కొంత పోయింది. త్రియెస్తే వెనుక అంతా సున్నపురాతి గుట్టలు. పటంలో దగ్గరగా కనిపించేది కాళ్లకు దగ్గర కాకపోవచ్చు. కనుక లిఫ్టు ఉందా, వీధి చదునుగా ఉందా, బస్సు స్టాపు ఎంత దూరం అని మూడు ప్రశ్నలు అడగనిదే డబ్బు పంపకండి. చివరకు కాలువ దగ్గర చదును వీధిలో, వంటగది ఉన్న వాటా దొరికింది. రాత్రికి మనిషికి ఇంత అని ఊరి పన్ను వేరే ఉంటుంది. సిటీ బస్సు టికెట్లు పొగాకు దుకాణాల్లో కొని, బస్సెక్కాక యంత్రంలో ముద్ర వేయించుకోవాలి.

మన దేశం నుంచి నేరుగా త్రియెస్తేకి విమానం లేదు. మేము గల్ఫ్‌లో మారి, వెనిస్‌లో దిగి, అక్కడి నుంచి రెండు గంటలు రైల్లో వచ్చాం.

ఇసుక లేని తీరం

ఇక్కడ సముద్రం అంటే మన పూరీ, గోపాల్‌పూర్‌ల వంటి ఇసుక తీరం అనుకోకండి. బార్కోలా అనే చోట కొన్ని కిలోమీటర్ల పొడవున రోడ్డు పక్క సిమెంటు గట్టు ఉంది. ఆఫీసు విడిచిన జనం తువాలు పరుచుకుని ఆ గట్టు మీదే పడుకుంటారు, అక్కడి నుంచే నీళ్లలోకి దూకుతారు. అర్ధచంద్రాకారపు జంట వేదికలను మిక్కీ మౌస్ చెవుల్లా ఉన్నాయని "తోపొలీని" అంటారు. స్టేషను దగ్గర 6వ నంబరు బస్సు ఎక్కితే ఈ గట్టు పొడవునా తీసుకుపోతుంది.

ఆ పక్కనే మిరమారే కోట. ఆస్ట్రియా చక్రవర్తి తమ్ముడు మాక్సిమిలియన్ 1856లో తెల్లరాతితో కట్టించడం మొదలుపెట్టాడు. పూర్తిగా అనుభవించకముందే మెక్సికో చక్రవర్తి కిరీటం కోసం ఓడెక్కాడు. 1867లో అక్కడే తుపాకులకు బలయ్యాడు. భార్య షార్లెట్ మతి చలించి 1927 దాకా బతికింది. మా అత్తగారు కోట లోపలి బంగారు గదుల కంటే ఆవిడ కథ దగ్గర ఎక్కువసేపు ఆగారు. "అరవై ఏళ్లు!" అన్నారు.

బార్కోలా గట్టు చూశాక మాత్రం ఆవిడ ముఖం చిన్నబోయింది. ఎత్తు నుంచి ఇనుప నిచ్చెన మీద నీళ్లలోకి దిగాలి, చుట్టూ మగవాళ్లు, ఆడవాళ్లు చాలీచాలని బట్టల్లో ఉన్నారు. "నేను ఇక్కడే కూర్చుంటాను, మీ చెప్పులు చూస్తాను" అన్నారు. ఇంత దూరం తీసుకువచ్చి మళ్లీ చెప్పుల కాపలాకేనా అనిపించింది.

గోడకు ఈవల

అప్పుడు మా అమ్మాయి చెప్పింది, పాత దీపస్తంభం దగ్గర ఇంకో తీరం ఉందని. అసలు పేరు "లా లాంతెర్నా", జనం "పెదోచిన్" అంటారు. ఊరి నడిబొడ్డున సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద కూడలి నుంచి నడిచి వెళ్లేంత దూరమే. 1903 నుంచీ ఉన్న పురపాలక స్నానఘట్టం అది. అక్కడ గులకరాళ్ల తీరం మధ్యలో మూడు మీటర్ల ఎత్తు తెల్లగోడ ఒకటి నీళ్లలోకి దిగి ఉంది. ఒక పక్క మగవాళ్లు, మరో పక్క ఆడవాళ్లు, పిల్లలు. ఆస్ట్రియా పాలన పోయింది, ఇటలీ వచ్చింది, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి. గోడ మాత్రం అలాగే ఉంది. తీసేద్దామన్న మాట వచ్చినప్పుడు ఆడవాళ్లే వద్దన్నారట. ఈ తీరం గురించి తీసిన ఒక డాక్యుమెంటరీ 2016లో కాన్ చిత్రోత్సవానికి కూడా వెళ్లింది. టికెట్టు ఒక యూరో ఆసుపాసుల్లోనే ఉంటుంది.

మావారు తువాలు భుజాన వేసుకుని బుద్ధిగా ఆవలి పక్కకు వెళ్లిపోయారు. మేము ముగ్గురం ఈవలి పక్కకు వచ్చాం. ఆ పక్కన ఎక్కువమంది ముసలమ్మలే. మడత కుర్చీలు, పేకముక్కలు, డబ్బాల్లో భోజనాలు, కోడళ్ల మీద ఫిర్యాదులు (అమ్మాయి అనువదించింది). ఎవరి పొట్ట ఎంత ఉందో, ఎవరి మోకాలికి ఆపరేషను మచ్చ ఉందో ఎవరికీ పట్టలేదు. మా అత్తగారు పాత నేతచీరను గోచీ పోసి కట్టుకుని, రబ్బరు బూట్లు వేసుకుని (గులకరాళ్ల మీద ఇవి తప్పనిసరి) నీళ్ల అంచున నిలబడ్డారు. త్రియెస్తే అఖాతం లోతు తక్కువ, అలలు దాదాపు ఉండవు. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి అమ్మాయి పట్టుకున్నాం. మోకాలి లోతు వచ్చాక ఆవిడే మా చేతులు విడిపించుకుని, ముక్కు మూసుకుని మూడు మునకలు వేశారు. పైకి లేచి, "ఉప్పు మనదానిలాగే ఉంది" అన్నారు. గంట దాకా బయటకు రాలేదు.

ఇంకో ముసలమ్మ ప్రశ్న

ఆరోజు మా పక్కన కూర్చున్న పెద్దావిడ మా భాష ఏమిటని అడిగింది. తాను ఇంట్లో స్లోవేనియన్ మాట్లాడుతుందని చెప్పింది. ఈ ఊళ్లో ఆ భాషవాళ్లు ఎన్నో శతాబ్దాలుగా ఉన్నారు. 1904లో వారు కట్టుకున్న "నరోద్ని దోమ్" అనే సాంస్కృతిక భవనాన్ని 1920 జూలై 13న ఫాసిస్టులు తగలబెట్టారు. తర్వాత బడులు మూసేశారు, ఇంటిపేర్లను ఇటాలియన్‌లోకి మార్పించారు. ఆవిడ తాతగారి ఇంటిపేరు కూడా అలాగే మారిందట. యుద్ధం తర్వాత మళ్లీ బడులు తెరిచారు. 1945లో మొదలైన వారి దినపత్రిక ఇప్పటికీ వస్తోంది. సరిగ్గా నూరేళ్లకు, 2020 జూలై 13న, ఇరు దేశాల అధ్యక్షుల సమక్షంలో ఆ భవనాన్ని తిరిగి వారికి అప్పగించే పత్రం మీద సంతకాలు జరిగాయి.

ఇదంతా విని మా అత్తగారు ఒకే ఒక ప్రశ్న అడిగారు. "మీ మనవలు ఆ భాష మాట్లాడతారా?"

"మా వాడికి అంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇటాలియన్‌లో చెబుతాడు."

"మా ఇంట్లోనూ అంతే. ఒరియాలో చెబుతారు" అన్నారు అత్తగారు. మా అమ్మాయి రెండు మాటలూ అనువదించి తల వంచుకుంది. ఆ రాత్రి అది నాయనమ్మ దగ్గర కూర్చుని, చాలా రోజులకు, మొదటి నుంచి చివరిదాకా తెలుగులోనే మాట్లాడింది.

తిండికి మాకు ఇబ్బంది కలగలేదు. జున్ను లేని మరినారా పిజ్జా, రేగుపండంత తీపి ఆల్‌బుకారా పెట్టి ఉడికించిన బంగాళాదుంప ఉండలు ఆవిడకు నచ్చాయి. చిక్కుడు గింజల "యోతా" పులుసులో పంది మాంసం వేస్తారు కనుక అడిగి తినాలి. కాఫీకి పేరున్న ఊరు ఇది. కానీ వాళ్ల గుక్కెడు కాఫీ చూసి మా అత్తగారు "ఇది రుచి చూడ్డానికా, తాగడానికా?" అన్నారు.

పది రోజుల్లో ఏడు రోజులు పెదోచిన్‌కే వెళ్లాం. చూడవలసినవి చాలా వదిలేశాం. మావారి జాబితాలో సగం మిగిలిపోయింది. సాయంత్రాలు సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి వంతెన మీద కూర్చునేవాళ్లం. మన సముద్రంలో సూర్యుడు పుడతాడు, అక్కడ మునుగుతాడు.

తిరిగి వచ్చాక పక్కింటివారు మళ్లీ అడిగారు, ఏం చూశారని. ఆవిడ జవాబు చెప్పకుండా నా వైపు తిరిగి, "కార్తీక పున్నమి ఎప్పుడొచ్చిందో చూడమ్మా, గోపాల్‌పూర్ వెళ్దాం. నేను దిగుతాను" అన్నారు. అక్కడ గోడ లేదు, అలలు పెద్దవి. పట్టుకోవడానికి నా చెయ్యి ఉంది. క్యాలెండరులో ఆ తేదీకి గుర్తు పెట్టాను.