ఒక గడికి ఇద్దరు యజమానులు

ఒంటిదారి రైలుమార్గములపై ప్రయాణము చేసిన పెద్దలకు ఒక దృశ్యము జ్ఞాపకముండును. బండి చిన్న స్టేషనును దాటిపోవుచుండగా ప్లాటుఫారముపై నిలిచిన మనిషి ఒక పెద్ద వలయమును ఎత్తి పట్టుకొనెడివాడు. ఇంజను డ్రైవరు చేయి చాచి దానిని అందుకొనెడివాడు. ఆ వలయమునకు తగిలించిన సంచిలో ఒక లోహపు గుండు ఉండెడిది. దానిని టోకెన్ అనెడివారు. ముందరి స్టేషను వరకు గల దారి ఆ బండిదే అనుటకు అది హామీ. రెండు స్టేషనులలోని యంత్రములును విద్యుత్తీగెతో ముడిపడి యుండుటచేత, ఒక గుండు బయటికి వచ్చిన పిమ్మట అది తిరిగి యంత్రములో చేరువరకు ఏ వైపునను రెండవ గుండు వెలుపలికి రాదు. దారి ఖాళీగా ఉన్నదా అని చూచుట ఒక పని. దారిని తీసికొంటిమని గుర్తు పెట్టుట మరియొక పని. ఆ యంత్రము ఈ రెండింటిని విడదీయరాని ఒకే పనిగా చేసినది. అందులోనే ప్రయాణికుల క్షేమమున్నది.

ఆ రెండు పనులు విడిపోయినచో ఏమగునో తెలిసికొనుటకు కంప్యూటరు డిస్కు మంచి ఉదాహరణము. మనము దాచుకొనిన పెండ్లి ఫొటోలు, పొలము దస్తావేజుల నకళ్లు, పిల్లల పాటలు డిస్కుపై చిన్న చిన్న గడులుగా విభజింపబడి యుండును. ఈ గడిని బ్లాకు అందురు. లినక్స్ కంప్యూటరులలో 1993 నుండి వాడుకలోనికి వచ్చిన ఎక్స్‌ట్2 అను ఫైలు వ్యవస్థలో సాధారణముగా ఒక్కొక్క గడి పరిమాణము 4,096 బైట్లు. ఏ గడి ఖాళీ, ఏ గడి వాడుకలో ఉన్నదో తెలుపుటకు ఒక పట్టిక కలదు. అందులో గడికి ఒక బిట్టు చొప్పున ఉండును. సున్న యున్నచో ఖాళీ, ఒకటి యున్నచో వాడుకలో నున్నట్లు. ఆ పట్టికకు ఒక గడి స్థలము చాలును. అందులో 32,768 బిట్టులు పట్టును. కనుక ఒక పట్టిక 32,768 గడులకు, అనగా 13 కోట్ల 42 లక్షల బైట్లకు లెక్క చెప్పగలదు. అంతటి భాగమును ఒక గుంపుగా ఏర్పరచిరి. గ్రామమునకొక అడంగలు ఉన్నట్లే గుంపునకొక పట్టిక.

ఇప్పుడు ఒకే సమయమున రెండు ప్రోగ్రాములు చోటు కోరినవని అనుకొందము. ఒకటి ఫొటోను దాచుచున్నది; మరియొకటి ఇంటి జమాఖర్చుల పుస్తకమును వ్రాయుచున్నది. మొదటిది పట్టికను చూచి 700వ గడి ఖాళీ అని గ్రహించినది. అది ఒకటి అని గుర్తు వేయుటకు ముందే రెండవది కూడ అదే పట్టికను చూచినది. ఇంకను సున్నయే యున్నది కదా! అదియు 700వ గడినే ఎంచుకొన్నది. పిదప రెండును ఒకదాని తరువాత ఒకటి గుర్తు వేసినవి. ఒకటిపై మరల ఒకటి వ్రాసినను కనబడునది ఒకటియే. పట్టికలో ఏ దోషమును కనబడదు. కాని ఆ గడికి ఇద్దరు యజమానులు ఏర్పడిరి. వెనుక వ్రాసినవాని అక్షరములు ముందు వ్రాసినవానిని తుడిచివేయును. ఫొటోలో పెండ్లికూతురి ముఖముండవలసిన చోట జమాఖర్చుల అంకెలు చేరును. తరువాత ఒక ఫైలును తీసివేసినచో ఆ గడి ఖాళీ అని గుర్తు పడును. రెండవ ఫైలు దానిని వాడుచుండగానే మూడవవానికి దానిని కేటాయింతురు.

ఎవరు ముందు చేరిరి అనుదానిపై ఫలితము ఆధారపడు ఇట్టి దోషమునకు రేస్ కండిషన్ అని పేరు. పందెపు స్థితి అనవచ్చును. దీనిని పట్టుకొనుట కష్టము. చూచుటకును గుర్తు వేయుటకును నడుమ గల ఎడము సెకనులో పదిలక్షవ వంతు కంటెను తక్కువ కావచ్చును. పరీక్షించినపుడు వేయిసార్లు సక్రమముగా నడచి, వాడుకలోనికి వచ్చిన తరువాత ఒక్కసారి తప్పవచ్చును. దోషమును కనిపెట్టుటకై నడుమ ఒక వాక్యము చేర్చినచో కాలగతి మారి, దోషమే మాయము కావచ్చును.

ఇట్టి దోషము ఎంతకాలము దాగియుండగలదో 2023లో ఓపెన్ జడ్‌ఎఫ్‌ఎస్ అను మరియొక ఫైలు వ్యవస్థలో వెల్లడియైనది. ఫైలునకు నకలు తీయగా అరుదుగా కొన్ని భాగములు సున్నలుగా వచ్చుచుండెను. ఆ యేడు అక్టోబరులో చేర్చిన క్రొత్త సౌకర్యమే కారణమని మొదట తలచిరి. పరిశీలింపగా దోషము అంతకంటె ఎంతో పాతదని తేలినది. డిస్కుకు ఇంకను చేరని మార్పులు ఉన్నవా అని తెలిసికొనుటకు ఒకే గుర్తును చూచుచుండిరి. ఆ గుర్తు ఒక లిప్తకాలము తప్పు చెప్పుచుండెను. ఆ లిప్తలోనే అడిగినవానికి, వ్రాసియున్న చోటు ఖాళీ చోటుగా తోచెను. ఒకదానికి బదులు రెండు గుర్తులను చూచునట్లు నవంబరు నెలాఖరున సవరించిరి.

గడుల కేటాయింపులో ఈ దోషమునకు మందు ఏమి? మరియొకసారి చూచుట మాత్రము కాదు. ఎన్నిసార్లు చూచినను, చూచినదానికిని గుర్తునకును నడుమ ఎడము మిగిలియే యుండును. చూచుట, గుర్తు వేయుట అను రెండింటిని ఒకే పనిగా కట్టివేయవలెను. 1965లో డచ్చి శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, అనేక కార్యక్రమములలో ఒక్కటి మాత్రమే ఒక సమయమున కీలకభాగములో ప్రవేశించునట్లు చేయు పద్ధతిని ప్రకటించెను. ఇందుకై ఆయన కల్పించిన మరియొక సాధనమునకు సెమఫోర్ అని పేరు. రైలుమార్గపు సంకేతస్తంభమునకును అదే పేరు. నేడు సాధారణ భాషలో దీనిని తాళము అందురు. తాళము ఒకరి చేతనుండగా రెండవవారు వేచియుందురు.

అయితే తాళము ఎంత పెద్దది కావలెనన్నది తరువాతి ప్రశ్న. లినక్స్‌లో పూర్వము ఫైలు వ్యవస్థ కంతటికి ఒకటే తాళము ఉండెడిది. గడికి ఇద్దరు యజమానులు ఏర్పడు భయము లేదు. కాని అనేక ప్రాసెసరులు గల యంత్రములో అందరును ఒక్క వాకిట బారులు తీరవలసివచ్చెను. 2003లో దానిని తీసివేసి గుంపుల వారీగా తాళములు పెట్టిరి. ఖాళీ గడిని వెదకుట తాళము లేకుండగనే జరుగును. పొందునపుడు మాత్రము, బిట్టును పరీక్షించి మార్చుట విడదీయరాని ఒకే చర్యగా జరుగును. ఈలోగా మరియొకరు దానిని తీసికొనియున్నచో, ఓడినవాడు ముందుకు సాగి వేరొక గడిని వెదకుకొనును. గుంపులోని ఖాళీ గడుల సంఖ్యను మార్చుటకును ఆ గుంపు తాళమే కావలెను. బిట్టును కాపాడి సంఖ్యను మరచినచో అక్కడ మరల పందెమే.

గడిని విడుదల చేయుటలోను చిక్కు కలదు. 2001లో లినక్స్‌లో చేరిన ఎక్స్‌ట్3, మార్పులను ముందుగా ఒక చిట్టాలో వ్రాసికొనును. ఫైలును తొలగించితిమి, ఆ సంగతి చిట్టాలో స్థిరపడకముందే దాని గడిని వేరొకరికి ఇచ్చితిమి, అంతలో విద్యుత్తు పోయినది. కంప్యూటరు తిరిగి లేచినపుడు, చిట్టా ప్రకారము పాత ఫైలు తొలగింపబడనే లేదు. కాని దాని గడిలో అన్యుల వ్రాత యున్నది! అందుచేత నేటి పట్టికను, చిట్టాలో స్థిరపడిన పాత పట్టికను రెండింటిని చూచి, రెండింటను ఖాళీయైన గడినే ఇచ్చునట్లు ఏర్పాటు చేసిరి. కౌలుదారు ఖాళీ చేసెదనని నోటిమాట చెప్పగానే పొలమును మరియొకరికి అప్పగింపక, కాగితము పూర్తియగువరకు ఆగుట వంటిదే ఇది.

ఇంటిలో కంప్యూటరు వాడువారికి ఈ తాళములు కనబడవు. కాని ఎంత జాగ్రత్తతో వ్రాసిన కార్యక్రమములోనైనను ఒక లిప్త ఎడము మిగిలిపోవచ్చునని ఈ చరిత్ర తెలుపుచున్నది. కావున విలువైన ఫొటోలకు, కాగితములకు వేరొక డిస్కుపై ఇంకొక ప్రతి ఉంచుకొనుట మేలు. ప్రతి తీసిన పిమ్మట దానిని ఒకసారి తెరచి చూచుటయు అవసరము. ఓపెన్ జడ్‌ఎఫ్‌ఎస్‌లో పాడైనవి నకళ్లే గాని మూలములు కావు. మూలమును భద్రముగా నుంచుకొన్నవారు తిరిగి నకలు తీసికొనగలిగిరి.