నిద్రలేమియు దాని నివారణోపాయములును

హయత్‌నగరము గోలకొండ రాజకుమార్తెయగు హయాత్ బక్షీ బేగము పేరిట వెలసిన యూరు. ఇచ్చట నామె పేర నున్న పాత మసీదు చుట్టును బాటసారులు బసచేయుటకై గదులు కట్టింపబడినవి. దూరప్రయాణమున నలసినవారు బండ్లు విప్పి, యెద్దులకు మేతవేసి, యా గదులలో నొడలెఱుగక నిద్రించి, తెల్లవాఱినంతనే తమ దారిని బోవుచుండిరని మన మూహింపవచ్చును. నేడు పూనా నుండి మచిలీపట్టణమునకు బోవు 65వ సంఖ్య జాతీయ రహదారి యీ యూరిమీదుగనే సాగుచున్నది. రేయింబవళ్లు లారీలును బస్సులును దానిమీద నడచుచునే యుండును. ఒకప్పుడు బాటసారులకు నిద్రనిచ్చిన యీ యూర నివసించు మనలో ననేకులకు నిద్ర కఱవైనది.

ఇందులకు గారణము రహదారి చప్పుడే యని మేమును గొంతకాలము తలంచితిమి. మా యనుభవమును జెప్పుట యిచ్చట నప్రస్తుతము కాదని నమ్ముచున్నాము. కొన్నియేండ్ల క్రిందట వార్షిక పరీక్షల పత్రములు దిద్దు దినములలో మాకు నిద్ర చెడినది. పత్రములు దిద్దుట ముగిసినది; కాని పోయిన నిద్ర తిరిగి రాలేదు. రాత్రి రెండుగంటల వఱకు దొర్లుచు, గడియారము చూచుచు, ఇప్పుడైనను గన్ను మూతపడినచో నింకను నాలుగు గంటలు దక్కునని లెక్కలు వేసికొనుచుంటిమి. నష్టమును బూడ్చుకొనవలెనని మేము మూడు పనులు చేసితిమి. రాత్రి తొమ్మిదింటికే పక్క చేరితిమి. తీఱిక దొఱకిన మధ్యాహ్నములందు రెండేసి గంటలు పండుకొంటిమి. సాయంకాలము తల దిమ్ముగా నుండుటచే రెండు మూడు మారులు టీ త్రాగితిమి. ఈ మూడును మంచి యుపాయములే యని యెవరికైనను దోచును. కాని వీనివలననే మా నిద్ర మఱింత చెడినది. ఎట్లు చెడినదో తెలియవలెనన్న నిద్ర యెట్లు వచ్చునో ముందుగా దెలియవలెను.

నిద్రను దెచ్చునవి ముఖ్యముగా రెండు. మొదటిది నిద్రయాకలి యనదగినది. మన శరీరకణములు తమ పనికి వలసిన శక్తిని ఎ.టి.పి. యను పదార్థమునుండి గ్రహించును. దీనిని 1929లో లోకమునకు దెలిపినవారిలో మన తెలుగువారొకరు గలరు. ఆయనయే 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని హార్వర్డు వైద్య విద్యాలయమున సైరస్ ఫిస్కె యను పండితునితో గూడి యాయన దీనిని గనుగొనెను. ఈ శక్తిపదార్థము ఖర్చగుచుండగా అడినోసిను అనునది మిగులును. మనము మేలుకొనియున్న కొలదియు నది మెదడులో బేరుకొనుచు, రాత్రికి నిద్రయాకలిని గలిగించును; నిద్రించుచుండగా దగ్గిపోవును.

టీ కాఫీలలోని కెఫీను ఈ అడినోసిను చేరవలసిన స్థానముల నాక్రమించి కూర్చుండును. కావున టీ త్రాగినవాని యలసట పోదు. అలసిన సంగతి మెదడునకు దెలియకుండ బోవును, అంతియే. పెద్దవారి శరీరమునుండి త్రాగిన కెఫీనులో సగము తొలగిపోవుటకు సుమారు 5 గంటలు పట్టును. సాయంకాలము 5 గంటలకు ద్రాగిన టీలోని కెఫీను రాత్రి 10 గంటలకు సగము మనలోనే యున్నదని గ్రహింపవలెను. ఇక మధ్యాహ్నపు నిద్ర మాట: భోజనమునకు ముందు పిండివంటలు తిన్నవానికి భోజనము రుచింపనట్లే, పగలు దీర్ఘముగా నిద్రించినవానికి రాత్రి నిద్రయాకలి వేయదు.

రెండవది మన లోపలి గడియారము. మెదడులో నొక చిన్నభాగము దినమునకు సుమారు 24 గంటల లెక్కను నడపుచు, ఎప్పుడు మేలుకొనవలెనో, ఎప్పుడు నిద్రింపవలెనో శరీరమునకు దెలుపుచుండును. 1938లో నథానియేల్ క్లైట్మను అను శాస్త్రజ్ఞుడు శిష్యుడొకనితో గూడి అమెరికాలోని మామతు గుహలో 32 దినములు సూర్యకాంతి సోకకుండ నివసించి, దినమునకు 28 గంటలుగా జీవింప బ్రయత్నించెను. యువకుడగు శిష్యుడు క్రొత్త లెక్కకు గొంత యలవడెను గాని, గురువు శరీరము పాత లెక్కను విడువలేదు. ఈ గడియారము కణములలో నెట్లు పనిచేయుచున్నదో యీగలయందు బరిశోధించి తెలిపిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెలు బహుమానము లభించినది. దీనిని దినదినము సరిదిద్దునది ముఖ్యముగా వెలుతురు. ప్రొద్దుటి వెలుతురు దానిని ముందునకు ద్రిప్పును. రాత్రి కన్నుల కెదురుగా వెలుగు దీపమును, చేతిలోని సెల్‌ఫోనును దానిని వెనుకకు ద్రిప్పును. మేము తొమ్మిదింటికి బక్క చేరినను మా గడియారము సిద్ధముగా లేదు. కావుననే మేలుకొని దొర్లవలసి వచ్చినది.

ఇట్లు దొర్లుటలో మఱియొక కీడు గలదు. పలక చూచినంతనే బాలునకు బాఠము జ్ఞప్తికి వచ్చునట్లు, పక్క చూచినంతనే మాకు బెంగ జ్ఞప్తికి వచ్చుచుండెను. కుర్చీలో గునికిపాట్లు పడినవారము పక్కమీదికి బోగానే కన్నులు తెఱచుకొనుచుంటిమి. పక్క యనగా మేలుకొనుచోటని మా మనస్సు నేర్చుకొన్నది. నేర్చినదానిని మఱపింపవలెను. ఇందులకు రిచర్డు బూట్జిను అను మనశ్శాస్త్రజ్ఞుడు 1972లో జూపిన మార్గమును వైద్యులు నేటికిని బోధించుచున్నారు. మాకు మేలుచేసిన నియమములను మీకు విన్నవించుచున్నాము.

మొదటి నియమము: పండుకొను వేళను గాక, లేచు వేళను స్థిరపఱుపవలెను. రాత్రి యెట్లు గడచినను, ఆదివారమైనను, ఒకే వేళకు లేచి వెలుతురులోనికి రావలెను. 

రెండవది: నిద్ర వచ్చినప్పుడే పక్క చేరవలెను. సుమారు ఇరువది నిమిషములు గడచినను నిద్ర పట్టనిచో లేచి, వేఱొకచోట మసక దీపమువద్ద గూర్చుండి, మనస్సు నుద్రేకపఱుపని పుస్తకమేదైన జదువుకొని, కన్నులు బరువెక్కినప్పుడు తిరిగి రావలెను. గడియారమును మాత్రము చూడరాదు. 

మూడవది: పక్కమీద జదువుట, తినుట, లెక్కలు చూచుట, ఫోను చూచుట మానవలెను. 

నాలుగవది: మధ్యాహ్నము దాటిన పిదప టీ కాఫీలు విడువవలెను, పగటినిద్రను మానవలెను. 

అయిదవది: మఱునాటి పనులను గాగితముపై వ్రాసి మడిచి పెట్టవలెను. 2018లో అమెరికాలోని బేలరు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన యొక పరిశోధనలో 57గురు యువజనులు పాల్గొనిరి. పండుకొనుటకు ముందు అయిదు నిమిషములు, చేయవలసిన పనులను వ్రాసికొన్నవారికి, చేసిన పనులను వ్రాసికొన్నవారికంటె ద్వరగా నిద్రపట్టినది. 

ఆఱవది: పడకచోటు చల్లగను జీకటిగను ఉండవలెను. నిద్రవేళ శరీరపు వేడిమి కొంత తగ్గవలెను గనుక, మన పెద్దలు వేసవిలో మిద్దెమీద నులకమంచము వేసికొని నిద్రించుట మంచి పద్ధతియే, దోమతెర మఱువరాదు.

ఈ నియమములు సులభములని మేము చెప్పము. మొదటి వారము మునుపటికంటె గష్టముగా గడచినది. నాలుగవ వారమునకు దెల్లవాఱువఱకు నిద్రించిన రాత్రులు కొన్ని దొఱకినవి. నేటికిని నిద్ర రాని రాత్రి యొకటి రెండు వచ్చుచుండును. కాని దానిని జూచి భయపడుట పోయినది. ఆ భయమే మా వ్యాధిలో సగమని యిప్పుడు తెలిసికొంటిమి. పెద్దవారి దీర్ఘకాలపు నిద్రలేమికి మందులకంటె ముందుగా నిట్టి యభ్యాసచికిత్సనే చేయవలెనని 2016లో అమెరికా వైద్యుల సంఘమొకటి నిర్ణయించినది. నిద్రమాత్రలను వైద్యుని యాజ్ఞలేక కొనరాదు. వారమునకు మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర చెడినను, గట్టిగా గుఱకపెట్టుచు నడుమ నడుమ నూపిరి నిలిచిపోవుచున్నను, ఏమియు దోచని దిగులు మనస్సు నాక్రమించినను, వైద్యుని దప్పక చూడవలెను.

విద్యార్థులారా, ఇప్పుడు మీతో నొకమాట. ఒకనాడు మొదటి గంటలో గునుకుచున్న బాలునొకని మేము తరగతి యెదుట నిలువబెట్టి మందలించితిమి. ఆ బాలుడు పరీక్షల భయముచే రాత్రి రెండింటి వఱకు జదివి, అయిదింటికే లేచుచున్నాడని పిమ్మట వాని తండ్రివలన దెలిసి మిక్కిలి సిగ్గుపడితిమి. శిక్షణ కళాశాలలో మేము పాఠ్యపథకములు వ్రాయుట నేర్చితిమి. రాత్రి యెన్ని గంటలు నిద్రించితివని బాలు నడుగుట నేర్వలేదు. ఇప్పుడు మందలింపునకు ముందుగా నా ప్రశ్న నడుగుచున్నాము.

పగలు చదివిన పాఠము రాత్రి నిద్రలోనే మెదడులో నాటుకొనును. నిద్ర మానుకొని చదువుట, విత్తనములు చల్లి నీరు పెట్టకుండుట వంటిది. 13 మొదలు 18 ఏండ్ల వయసువారికి దినమునకు 8 మొదలు 10 గంటలును, 6 మొదలు 12 ఏండ్ల పిల్లలకు 9 మొదలు 12 గంటలును నిద్ర కావలెను. పెద్దలకు 7 గంటలకు దక్కువ కారాదు. యౌవనారంభమున లోపలి గడియారము కొంత వెనుకకు జరుగును గనుక, తలిదండ్రులారా, మీ పిల్లలు ప్రొద్దున లేవజాలకున్నచో నది యెల్లప్పుడును సోమరితనము కాదు. వారిని దిట్టుటకంటె, రాత్రి పదిగంటలకు ఇంటిలోని ఫోనులన్నియు, మీవి సహితము, ఒక యరలో బెట్టుట మేలు.

నిద్ర పిలిచిన వచ్చు సేవకుడు కాదు. వాకిలి తెఱచియుంచి మన పని మనము చూచుకొన్నచో దానంతట వచ్చు చుట్టము. ప్రొద్దున వేళకు లేచుట మన చేతిలోనున్నది. రాత్రి సంగతి దానివెంట క్రమముగా జక్కబడును. నేటిరాత్రి నిద్రపట్టని సోదరులెవరైన నీ మాటలు చదివి, గడియారమును గోడవైపు ద్రిప్పి, రేపు లేవవలసిన వేళను మాత్రము నిశ్చయించుకొనిన యెడల మా శ్రమ ఫలించినదని సంతసింతుము.