అంగళ్లు టు కోవళం.. అలలతో నా ఏడాది!

మా అంగళ్లులో ఎటు చూసినా కొండలు, టమోటా తోటలే. సముద్రం అంటే ఎప్పుడో చెన్నై పోయినప్పుడు చూసొచ్చేది. అలాంటి నేను 2025 జనవరిలో సర్ఫింగ్ నేర్చుకోవాలని డిసైడయ్యా. నా ఉద్యోగం చెన్నై ఓఎంఆర్‌లో. అక్కడికి దగ్గర్లోనే కోవళం. కేరళది కాదండోయ్! మత్స్యకార కుటుంబంలో పుట్టిన మూర్తి మేగవన్ 2012లో సర్ఫ్ స్కూల్ పెట్టిన ఊరు ఇది.

అమ్మకి మాత్రం చెప్పలేదు. నేను పుట్టకముందే మా మేనమామ బావిలో మునిగి చనిపోయాడు. అందుకే మా ఇంట్లో ఎవరినీ నీళ్ల దగ్గరికి పోనివ్వరు. నాకు ఈత కూడా రాదు.

ముందు ఈత.. తర్వాతే బోర్డు

మొదటి మూడు నెలలు స్విమ్మింగ్ పూల్‌లోనే గడిచాయి. ఆగకుండా 25 మీటర్లు ఈదడానికే ఆరు వారాలు పట్టింది. ఏప్రిల్‌లో 9 అడుగుల ఫోమ్ బోర్డు చేతికొచ్చింది. బోర్డు మీద పడుకుని, ఒక్క ఊపులో లేచి నిలబడటాన్ని ‘పాపప్’ అంటారు. వీడియోల్లో చూస్తే చాలా ఈజీ. నాకేమో లేచిన ప్రతిసారీ చూపు కాళ్ల మీదికే పోయేది, దభేల్‌మని పడేవాణ్ని. ఒడ్డు వైపు చూడటం అలవాటయ్యాకే నిలబడగలిగా.

ప్రశాంతంగా ఉన్న చోటే ప్రమాదం

జులైలో ఓ రోజు, అలలు తక్కువగా ఉన్నాయి కదా అని ఒక చోట దిగా. నిమిషాల్లో ఒడ్డు దూరమైపోయింది. అది రిప్ కరెంట్! అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు వెనక్కి పోవడానికి ఒక దారి వెతుక్కుంటాయి. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు కాబట్టి పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. దానికి ఎదురీదితే అలసిపోతాం. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి పోయి, ఆ ప్రవాహం దాటాకే వెనక్కి రావాలి. బోర్డు వదలకుండా అదే చేశా. ఒడ్డెక్కాక చేతులు వణుకుతూనే ఉన్నాయి. మళ్లీ నీళ్లలోకి దిగలేదు, మానేద్దామనే అనుకున్నా.

ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్ జరిగితే చూడ్డానికి పోయా. రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారతీయుడు అతనే. నన్ను ఆకట్టుకుంది మాత్రం ఆటగాళ్ల ఓపిక. ఎన్నో అలల్ని వదిలేసి, ఒక్కదాని కోసం ఆగుతున్నారు. అప్పటి నుంచి నేనూ ఇరవై నిమిషాలు సముద్రాన్ని చూశాకే దిగుతున్నా. ఈశాన్య రుతుపవనాలప్పుడు సముద్రం రఫ్‌గా ఉంటే, దిగకుండానే వెనక్కి వచ్చేశా.

డిసెంబర్ చివర్లో, ఇంకా విరగని అలని మొదటిసారి పట్టుకున్నా. మహా అయితే ఆరు సెకన్లు! ఏడాది కష్టానికి అంతే.

అమ్మ అడిగిన ప్రశ్న

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు అమ్మకి అంతా చెప్పేశా. తిడుతుందనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘‘లోపలికి పోయేది సరే నాయనా, బయటికి ఎట్లొస్తావు?’’ అని అడిగింది. ఎన్ని అలలు ఎక్కావని అడిగినోళ్లే గానీ, ఈ మాట ఎవరూ అడగలేదు. రిప్ కరెంట్ సంగతి మట్టిలో గీతలు గీసి చూపించా. అమ్మ ఆ గీతల్నే చూస్తూ ‘‘మా తమ్ముడికి ఎవరూ ఈత నేర్పలేదురా’’ అంది.

ఈ వేసవిలో అక్క కూతురికి ఈత నేర్పించాలట. ఆర్డర్ వేసింది అమ్మే!