అమెరికాలో మన నర్సులు – వేలిముద్రల తనిఖీ

మన సంఘ కుటుంబాలలో పిల్లలు అమెరికాలో నర్సులుగా ఉన్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. వెళ్లాలని పరీక్షలకు చదువుతున్నవారూ ఉన్నారు. "మా అమ్మాయిని వేలిముద్రలు ఇచ్చి రమ్మన్నారటండీ, ఏమైనా కేసు పెట్టారా సిస్టర్?" అని ఓ.పి. వరండాలో తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. కేసు ఏమీ కాదు. లైసెన్సు ఇచ్చే ముందు జరిపే నేరచరిత్ర తనిఖీ అది.

అమెరికాలో నర్సు లైసెన్సును ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు బోర్డే ఇస్తుంది. ఒక రాష్ట్రంలో కాపురం ఉండి, వంతెన దాటి పక్క రాష్ట్రపు ఆసుపత్రిలో పనిచేసే నర్సుకు రెండు లైసెన్సులు కావలసి వచ్చేవి. అందుకని కొన్ని రాష్ట్రాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. అది 2000లో అమలులోకి వచ్చింది. అయితే ఒక రాష్ట్రం వేలిముద్రలు తీసుకునేది, మరొకటి తీసుకునేది కాదు. తీసుకోని రాష్ట్రం ఇచ్చిన లైసెన్సును మేమెందుకు నమ్మాలని మిగతావి వెనుకాడాయి. మాకు ఆ అనుమానం న్యాయంగానే తోస్తుంది. 2018 జనవరి 19 నుండి అమలైన కొత్త ఒప్పందంలో ఈ తనిఖీ అందరికీ తప్పనిసరి అయింది. వేలిముద్రలను రాష్ట్ర రికార్డులతోనూ, ఎఫ్.బి.ఐ. రికార్డులతోనూ సరిచూస్తారు. పెద్ద నేరంలో శిక్షపడినవారికి పలు రాష్ట్రాల లైసెన్సు రాదు. నర్సు వృత్తికి సంబంధించిన చిన్న నేరమైతే బోర్డు విడిగా విచారించి నిర్ణయిస్తుంది.

ఇంత గట్టి తనిఖీ ఎందుకని అడగవచ్చు. చార్లెస్ కల్లెన్ అనే నర్సు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాలలో 16 ఏళ్లపాటు ఆసుపత్రులు మారుతూ రోగులకు ప్రాణం తీసే మందులు ఎక్కించాడు. 2003 డిసెంబరులో పట్టుబడి, 29 హత్యలు ఒప్పుకున్నాడు. కాని ఒక సంగతి గమనించండి. అప్పటివరకు ఏ కోర్టూ రోగుల విషయంలో అతనికి శిక్ష వేయలేదు కనుక వేలిముద్రలు తీసుకున్నా ఆ హత్యల సంగతి బయటపడేది కాదు. అనుమానం వచ్చిన ఆసుపత్రులు తరువాతి ఆసుపత్రికి ఆ మాట చెప్పకపోవడమే అసలు లోపం. అందుకే 2005లో న్యూజెర్సీ ఆ సమాచారం ఇచ్చి తీరాలని చట్టం చేసింది. డ్యూటీ రోస్టరు వేసే మాబోటివారికి వేలిముద్రలకంటే, పాత వార్డు ఇన్‌ఛార్జి చెప్పే నిజమైన మాటే ఎక్కువ ధైర్యమిస్తుంది.

ఇక మన పిల్లల సంగతి. రోజుకు ఎన్నోసార్లు చేతులు కడిగే నర్సులకు వేళ్ల గీతలు అరిగిపోతాయి. ముద్రలు సరిగా పడలేదని తిప్పి పంపితే కంగారు పడవద్దు. రెండుసార్లు అలా తిరిగివస్తే పేరుమీద వెతికే పద్ధతి ఉంది. ముద్రలు ఇవ్వడానికి వెళ్లే ముందు కొన్నాళ్లు చేతులకు మాయిశ్చరైజర్ రాసుకుంటే మేలు.

అరెస్టు నమోదై, కేసు కొట్టివేసిన సంగతి రికార్డుకు ఎక్కకపోవడం అక్కడ కూడా ఉన్నదే. అలాంటప్పుడు రికార్డును సరిదిద్దుకునే అవకాశం దరఖాస్తుదారుకు ఇవ్వాలని నిబంధన ఉంది.

ఈ పలు రాష్ట్రాల లైసెన్సుకు అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. కాబట్టి ఇక్కడ ఉండగానే అది ఇప్పిస్తామని చెప్పే ఏజెంటుకు డబ్బు కట్టకండి. అక్కడ ఒప్పందంలోని వేరే రాష్ట్రానికి కాపురం మారితే, 2024 నుండి ఉన్న నిబంధన ప్రకారం 60 రోజులలోపు కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చేయాలి.

ఇక్కడి పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా వస్తుంది. ఇంటి తగాదాలోనో, ధర్నాలోనో పిల్లల పేరు కేసుకు ఎక్కి ఉంటే, దాచిపెట్టమని మాత్రం సలహా ఇవ్వకండి. కేసు కొట్టివేసినా సరే, కోర్టు నుండి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఇంగ్లీషు అనువాదం చేయించి ఫైలులో పెట్టుకోమనండి.