నాచుకూ ఒక పేరు కావాలి

ఏనాడో కొండ అడవిలో సేకరించిన నాచు తునక ఒకటి కాగితపు పొట్లంలో ఎండి, ముడుచుకుపోయి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయేటట్లు కనబడుతుంది. దానిని గాజుపలక మీద ఉంచి రెండు చుక్కల వేడినీరు వేస్తే, చూస్తూండగానే ముడుతలు విడిపోతాయి. ఆకులు కాండం చుట్టూ ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. ప్రాణం తిరిగి రాదు, రూపం మాత్రం వస్తుంది. శాస్త్రజ్ఞునికి కావలసింది ఆ రూపమే. నూరేళ్లనాటి పొట్లమైనా సరే, ఈ పరీక్షకు లొంగుతుంది.

తెలుగులో నాచు అనే మాట చాలా ఉదారమైనది. చెరువు నీటిమీద తేలే పచ్చని తెట్టూ నాచే, బావి ఒరలను అంటిపెట్టుకున్న మెత్తని పచ్చదనమూ నాచే. వృక్షశాస్త్రం వీటిని వేరు వేరు వంశాలుగా చూస్తుంది. ఇక్కడ ప్రస్తావన శాస్త్రజ్ఞులు ‘మాస్’ అని పిలిచే మొక్కలను గురించి. వీటికి పువ్వు లేదు, విత్తనం లేదు, నిజమైన వేరు కూడా లేదు. నూగువంటి పోగులతో రాతినో చెట్టు బెరడునో పట్టుకుని, వాననీటినీ మంచునూ ఒంటితోనే పీల్చుకుంటాయి. చాలా జాతులలో ఆకు మందం ఒకే ఒక కణం. డార్జిలింగ్ కొండల తడి అడవులలో చెట్ల కొమ్మలనుండి జడలుగా వేలాడే జాతులున్నాయి. పశ్చిమ హిమాలయాల పొడి వాలులలో రాతికి కరచుకుని, వేసవిలో నల్లబడి, తొలి వానకు పచ్చబడే జాతులున్నాయి. ప్రపంచంలో వీటి జాతులు సుమారు 12,000. మన దేశానికి 2011లో వెలువడిన ఒక జాబితా 1,786 అని లెక్కకట్టింది. ఈ అంకెను కాస్త జాగ్రత్తగా చదవాలి. కారణం ముందు తెలుస్తుంది.

ఇంత చిన్న మొక్కలను ఒకదాని నుండి మరొకదానిని వేరు చేయడమెలా? ఆకు అంచున రంపపు పళ్లున్నాయా, నడిమి ఈనె చివరిదాకా సాగిందా, కణాల మీద బొడిపెలున్నాయా అని సూక్ష్మదర్శినిలో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, సన్నని కాడ చివర నిలిచే గుళిక. దాని మూత ఊడగానే నోటి చుట్టూ పళ్ల వరుస బయటపడుతుంది. సాధారణంగా 16 పళ్లు. కొన్నిటికి నాలుగే, మరికొన్నిటికి 32, 64. గాలిలోని తేమను బట్టి అవి వంగుతూ, లేస్తూ, లోపలి సిద్ధబీజాలను కొద్ది కొద్దిగా వదలిపెడతాయి. ఈ పళ్లను వర్గీకరణకు ఆధారం చేసినవాడు లైప్‌జిగ్ నగరంలో వైద్యుడైన యోహాన్ హెడ్విగ్. ఆయన 1799లో మరణించాడు; ఆయన గ్రంథం 1801లో వెలువడింది. పూలమొక్కల పేర్లకు 1753 నాటి లినేయస్ గ్రంథం మొదలైనట్లే, దాదాపు అన్ని మాస్ జాతుల పేర్లకూ ఆ 1801 గ్రంథమే మొదలు.

భారతదేశపు నాచులకు పేర్లు పెట్టిన తీరు వింతగా ఉంటుంది. అస్సాం, భూటాన్ అడవులలో తిరిగిన విలియం గ్రిఫిత్ మూటలకొద్దీ మొక్కలు సేకరించి, 1845లో మలక్కాలో చిన్న వయసులోనే కన్నుమూశాడు. 1848 నుండి జోసెఫ్ హుకర్ సిక్కిం కొండలెక్కాడు. వీరి పొట్లాలన్నీ చివరకు ఇంగ్లండులోని హర్స్ట్‌పియర్‌పాయింట్ అనే పల్లెలో మందుల దుకాణం నడిపే విలియం మిట్టెన్ బల్ల మీదికి చేరాయి. అంగడి పని చూసుకుంటూనే ఆయన వాటిని తడిపి, విప్పి, పరిశీలించి, 1859లో తూర్పిండియా నాచుల మీద ఒక గ్రంథం ప్రకటించాడు. ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాలెస్ తరువాతి కాలంలో ఆయనకు అల్లుడయ్యాడు. మన అడవుల నాచులు ఎన్నిటికో నేటికీ మిట్టెన్ పెట్టిన పేర్లే నిలిచి ఉన్నాయి. 1906లో ఆయన మరణించాక ఆ సంగ్రహం న్యూయార్క్ వృక్షోద్యానానికి తరలిపోయింది.

దీనివల్ల వచ్చిన చిక్కు సామాన్యమైనది కాదు. ఏ మొక్కను చేతబట్టుకుని ఒక పేరు మొదట పెట్టారో, ఆ మూల నమూనాయే ఆ పేరుకు సాక్ష్యం. వర్ణన ఎంత బాగా రాసినా అనుమానం వచ్చినపుడు నమూనాను చూడక తప్పదు. సిక్కింలో చెట్టు మీద బతికే నాచు ఏదో నిర్ణయించడానికి న్యూయార్క్‌లోని పొట్లం విప్పాలి!

ఈ దూరాన్ని తగ్గించడానికి మన దేశంలో కొందరు జీవితాలు ధారపోశారు. లాహోరులో ఆచార్యుడైన శివరామ్ కాశ్యప్ హిమాలయాలలోను, టిబెట్టులోను తిరిగి, 1929లోను 1932లోను నాచులకు దాయాదులైన లివర్‌వర్ట్‌ల మీద రెండు సంపుటాలు వెలువరించాడు. కొడైకెనాల్ సమీపంలోని షెంబగనూరులో ఉన్న ఫొరో అనే ఫాదిరీ పళని కొండల నాచులను సేకరించి, 1961లో వాటి వివరాలు ప్రకటించాడు. కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన హెచ్.సి. గంగూలీ తూర్పు భారతపు నాచుల గ్రంథం 1969లో ఆరంభించి, ఎనిమిది భాగాలుగా 1980కి ముగించాడు. బొమ్మలతో, వర్ణనలతో నిండిన ఆ గ్రంథం నేటికీ పరిశోధకుల చేతి పుస్తకం.

అయితే ఒకే మొక్కకు నాలుగు పేర్లుండడం ఈ శాస్త్రంలో మామూలే. నీడలో పెరిగితే ఆకు పొడవు, ఎండలో పెరిగితే పొట్టి. తొందరపడినవారికి రెండూ కొత్త జాతులే. కాంపిలోపస్ అనే ప్రజాతిలో ప్రపంచమంతటా కలిపి వేయికి దరిదాపుల పేర్లు పోగయ్యాయి. యాన్-పీటర్ ఫ్రామ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు మూల నమూనాలు తెప్పించి పోల్చి చూస్తే, నిలిచిన జాతులు రెండు వందలకు లోపే. కాబట్టి జాబితాలో అంకె తగ్గితే అడవి తరిగిందని కాదు, పని జరిగిందని అర్థం. నేడు జన్యుపదార్థ పరీక్ష తోడయింది. అది కొన్నిచోట్ల రెండింటిని ఒకటి చేస్తే, కొన్నిచోట్ల ఒకదానిని రెండుగా చీలుస్తోంది. కాని ఏ పేరు ఎవరికి చెందుతుందో తేల్చవలసి వచ్చినప్పుడు మళ్లీ పొట్లం దగ్గరికే రావాలి.

ఇది పండితుల తగవు మాత్రమే అనుకోవడానికి వీలు లేదు. నైనిటాల్ సమీపాన ఖుర్పాతాల్ వద్ద ఉత్తరాఖండ్ అటవీశాఖ నాచుల కోసమే ఒక తోట పెంచి, 2020 నవంబరులో ప్రారంభించింది. అందులో సుమారు 30 జాతులున్నాయి. అదే కొండ ప్రాంతాలలో పల్లె ప్రజలు చెట్ల మొదళ్ల నుండి, రాళ్ల మీది నుండి నాచును ఒలిచి గోతాలకెత్తి అమ్ముకుంటూ వస్తున్నారు. పండ్ల పెట్టెలలో మెత్తగా పరచడానికీ, నర్సరీలలో అంట్ల వేళ్లు తడి ఆరకుండా చుట్టడానికీ అది పనికివస్తుంది. చేతిలో నాలుగు రాళ్లు పడే ఆ పనిని తప్పు పట్టి ప్రయోజనం లేదు. ఎంత ఒలిస్తే అడవి తట్టుకుంటుందో చెప్పగలగాలి. ఒకసారి ఒలిచిన బెరడు మళ్లీ పచ్చబడడానికి ఏళ్లు పడుతుంది. అన్ని జాతులూ ఒకే వేగంతో పెరగవు. ఒక్క గోతంలో అనేక జాతులు కలగలిసి ఉంటాయి. ఏది త్వరగా తిరిగి వస్తుందో, ఏది రాదో తెలుసుకోవాలంటే ముందు వాటిని విడదీసి, తడిపి, ఆకు కోసి చూసి, గుళిక దొరికితే పళ్లు లెక్కపెట్టాలి. ఒక గోతానికే రోజులు పట్టే పని అది.