గొంగడి నలుపు, మొక్కల రంగులు: దక్కనీ ఉన్ని వస్త్రకళపై ఒక పరిశీలన

పరిచయం

తెలంగాణ వస్త్రకళను గురించిన చర్చ సాధారణంగా పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతల చుట్టూ సాగుతుంది. ఇవన్నీ నూలు, పట్టు వస్త్రాలు. ఉన్ని నేతకు ఆ చర్చలో దక్కిన చోటు స్వల్పం. హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న ఉప్పల్ నుండి వరంగల్ రహదారి భువనగిరి, జనగామల మీదుగా సాగుతుంది. ఆ మార్గానికి ఇరువైపులా ఉన్న పల్లెల్లో కురుమల జీవనం తరతరాలుగా గొర్రెల మందతో, గొంగడితో ముడిపడి ఉంది. ఒకప్పుడు నగర శివారు గ్రామాలైన ఉప్పల్, నాచారం నేడు పారిశ్రామికవాడలుగా, నివాస కాలనీలుగా మారాయి. సహజ వర్ణాలతో చేసిన చేనేతను కోరే కొనుగోలుదారులు ఇటువంటి నగర ప్రాంతాల్లోనే ఉన్నారు. ఈ నేపథ్యంలో దక్కనీ ఉన్నికి మొక్కల రంగులు ఎంతవరకు పొసగుతాయన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

గొంగడి తయారీ

దక్కనీ గొర్రె తెలంగాణ, మరాఠ్వాడా, ఉత్తర కర్ణాటక మెట్ట నేలలకు అలవాటుపడిన జాతి. దీని ఉన్ని ప్రధానంగా నలుపు. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. దాన్ని ఏకి, వడికి, గుంట మగ్గంపై నేస్తారు. వడకడం ఎక్కువగా స్త్రీల పని, నేయడం పురుషుల పని. పడుగు దారాలు తెగకుండా చింతగింజల గంజిని కుంచెతో పట్టిస్తారు. నేసిన గొంగడి వానలో కొప్పెర, చలిలో దుప్పటి, పొలంలో పడక. ఉన్నిలో మిగిలిన సహజమైన జిడ్డు వాననీటిని త్వరగా లోపలికి ఇంకనివ్వదు.

ఈ వస్త్రానికి సాంస్కృతిక విలువ కూడా ఉంది. పెళ్లిలో కట్టే కంకణాన్ని బట్టి కురుమలలో ఉన్ని కంకణం వారు, పత్తి కంకణం వారు అనే విభాగాలు ఏర్పడ్డాయి. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లు’ అనే సామెత ఈ ఉన్ని ముతకదనానికి భాషలో నిలిచిన సాక్ష్యం. గొంగళిపురుగు అనే పేరులోనూ ఆ నూగు స్వభావమే కనిపిస్తుంది.

మొక్కల రంగు ఉన్నికి ఎక్కే తీరు

పత్తి నార సెల్యులోజ్. ఉన్ని కెరాటిన్ అనే మాంసకృత్తు. అందువల్ల రంగు పట్టించే పద్ధతులు వేరు. నూలు బట్టను ముందుగా కరక్కాయ కషాయంలో తడిపితే తప్ప పటిక దానిని గట్టిగా అంటిపెట్టుకోదు. ఉన్ని పటికను నేరుగా గ్రహిస్తుంది. పటిక పట్టిన ఉన్నికి మంజిష్ఠ వేరు ఎరుపును, మోదుగు పూలు, దానిమ్మ తొక్క పసుపు ఛాయలను ఇస్తాయి.

ఈ పనిలో మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఉన్నిని ఒక్కసారిగా వేడినీటి నుండి చన్నీటికి మార్చి పిసికితే అది ముడుచుకొని ఉండకడుతుంది. రెండవది, నీలిమందు తొట్టిలో క్షారం ఎక్కువైతే నార దెబ్బతింటుంది. మూడవది, ఇనుప ద్రావణం రంగును ముదురు చేస్తుంది కానీ, మోతాదు మించితే ఉన్నిని పెళుసుగా మారుస్తుంది.

రంగుల చరిత్ర

ఉన్నికి రంగులద్దడం తెలంగాణకు కొత్త కాదు. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు వెళ్లాయి. అయితే 1856లో పెర్కిన్ కృత్రిమ ఊదా రంగును కనుగొన్నాడు. 1869లో అలిజరిన్ అనే వర్ణద్రవ్యాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతికి పేటెంట్లు లభించాయి. 1897లో కృత్రిమ నీలిమందు మార్కెట్‌లోకి వచ్చింది. దానితో నీలి సాగు, రంగుల వేర్ల సేకరణ క్షీణించాయి. గొంగడిని మాత్రం ఈ మార్పు నేరుగా తాకలేదు. దాని నలుపు ఏ తొట్టిలోనూ తయారైనది కాదు, గొర్రె వంటి మీదే పుట్టినది.

రంగుకు, గొంగడి గుణానికి మధ్య వైరుధ్యం

ఇక్కడే అసలు సమస్య ఎదురవుతుంది. జిడ్డు పోయేలా ఉతికితే గాని ఉన్నికి రంగు సమంగా ఎక్కదు. జిడ్డు పోతే వానకు ఓర్చే గుణం తగ్గుతుంది. నల్ల ఉన్నిపై మంజిష్ఠ ఎరుపు గాని, మోదుగు పసుపు గాని కనిపించదు. ముతక వెంట్రుకలు రంగును తక్కువగా పీల్చడం వల్ల చారలు ఏర్పడతాయి. కాబట్టి రంగు వేసిన దక్కనీ ఉన్ని గొంగడికి మెరుగైన రూపం కాదు, వేరొక వస్తువు. గోడకు వేలాడే నేతకు, తివాచీకి, ఆసనానికి అది తగినది. సంప్రదాయ గొంగడి అంచులలో తెల్ల చారలు కనిపిస్తాయి. నల్లని నేలను అలాగే ఉంచి, తెలుపు లేదా బూడిద ఉన్నిని మాత్రమే రంగులద్ది అంచుల్లో వాడటం ఈ సంప్రదాయానికి దగ్గరి మార్గం.

మంద నిలిస్తేనే మగ్గం

మొక్కల రంగులను పొలం గట్లపైనా పెంచుకోవచ్చు. నలుపును పెంచడానికి మంద కావాలి. మాంసానికి గిరాకీ పెరగడంతో కాపరులు ఉన్ని లేని, త్వరగా బరువు పెరిగే జాతుల వైపు మొగ్గారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకం కింద పొరుగు రాష్ట్రాల నుండి గొర్రెలను తెప్పించారు. నెల్లూరు జాతి గొర్రెకు వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. అటువంటి పొట్టేళ్లతో సంకరం జరిగిన కొద్దీ మందలో ఉన్ని తగ్గుతుంది. కాపరికి మాంసం నుండి వచ్చే ఆదాయం న్యాయమైన అవసరమే. అయితే బొచ్చుకు కత్తిరింపు కూలి కూడా గిట్టనప్పుడు ఉన్ని గొర్రెను నిలుపుకోవడానికి అతనికి కారణం మిగలదు.

రైతుకు, కాపరికి మధ్య ఉన్న పాత ఒప్పందం ఇక్కడ గుర్తించదగినది. కోత అయిన పొలంలో రాత్రిపూట మంద పెట్టించి, ఎరువుకు బదులుగా రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. రంగు మొక్కలు పెంచే పొలానికి ఇదే ఒప్పందాన్ని విస్తరిస్తే ఎరువు, ఉన్ని, రంగు ఒకే చోట సమకూరుతాయి.

ముగింపు

సహజ వర్ణ వస్త్రమంటే మొక్కల రంగు వేసినదనే అర్థం స్థిరపడింది. దక్కనీ ఉన్ని ఆ నిర్వచనాన్ని విస్తృతం చేస్తుంది. రంగు వేయని నలుపూ సహజ వర్ణమే. నగర కొనుగోలుదారు ఎరుపు, పసుపు అంచులకు చెల్లించే వెలలో నల్లని నేలకు, అంటే కాపరికీ వడికిన స్త్రీకీ, తగిన వాటా చేరినప్పుడే ఈ కళ నిలుస్తుంది. మంజిష్ఠను బజారులో మళ్లీ కొనవచ్చు. సంకరంలో కలిసిపోయిన నల్లగొర్రెను తిరిగి తెచ్చుకోవడం అంత సులభం కాదు.